మల్లీ, మీయమ్మకు చెప్పు

ఎవురు, ఈశ్వరమ్మక్క గురించా? దానికోసరం జమ్మలమడుగు నుంచి ఈ ఎండలో వచ్చినావా తల్లీ? కూచో. ఆ మంచం మీద వద్దు, నవారు తెగింది, ఈ కుర్చీలో కూచో. పేరేమన్నావు, లహరినా? బాగుంది. నీకన్నా ముందు కూడా శానామంది వచ్చినారు. అందరూ అడిగేది ఒకటే, ఆమె రాసిన ఆ కడపటి సీరియల్లో సుభద్ర బస్సు ఎక్కిందా లేదా అని. నువ్వూ అదే కదా? తెలుసు నాకు. చెప్తా, నాకు తెలిసిందంతా చెప్తా. నడాన తొందర పెట్టగాకు, తొందర పెడితే నాకు వరస తప్పిపోతాది. ఆ ఫోను ఆడ పెట్టుకో, రికార్డు చేసుకుంటే చేసుకో, దానికేముండాది.

ఈ ప్రొద్దుటూర్లోనే, ఆ సందులో వాళ్లది మిద్దె, పక్కన రేకుల రూము మాది. బాడుగకు ఉంటిమి. మా ఆయన బట్టలు కుట్టేది, నేను గుండీలు కుట్టి ఇచ్చేది. నడాన గోడ ఉండాదంటే ఉండాది, నిలబడితే వాళ్ల వాకిలంతా కనపడతాది. ఈశ్వరమ్మక్క యట్ల రాస్తాండె అని అడుగుతావేమో. టేబులూ లేదు కుర్చీ లేదు. వంటింటి గడప మీద చిన్న పీట ఏసుకొని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకొని రాసేది. పగలు బోకులు కడిగి, తర్వాత్తర్వాత గాడిదకు కసువు కూడా ఏసి, అప్పుడు కూచునేది. నోట్లో పుట్నాలపప్పు ఏసుకొని నములుతాండేది. మాటలు బయటికి అనుకుంటానే రాసేది. మొగోని మాట మొగోని గొంతుతో, ఆడదాని మాట ఆడదాని గొంతుతో. మొదట్లో మా ఆయన, 'ఆయమ్మకు ఏమన్నా గాలి సోకిందేమో చూడు పో' అన్యాడు నాతో. కత రాస్తాందంట అంటే నగినాడు. బేస్తవారం వచ్చిందంటే ఆ కాయితాలు విజయవాడ వారపత్రికకని కవర్లో పెట్టి నా చేతికి ఇచ్చేది, నేను పోస్టాఫీసులో ఏసొచ్చేది. నాకు తెలుగు చదవను రాదు. మా కూతురు ఇష్రత్ బళ్లో చదువుతాండె, అది పత్రిక తెచ్చి చదివి వినిపిస్తాంటే గుండీలు కుట్టుకుంటా వినేదాన్ని.

ఆ గాడిద సంగతా? వస్తా, ఆడికే వస్తాండా. ముందు రెడ్డన్న సంగతి చెప్పాల. హరినాథరెడ్డి, ఆమె మొగుడు. లింగాల కాడ చీనీకాయల తోట. వారంలో సగం దినాలు ఆడనే, పులివెందులలో బస్సు మారి పోవాల. మంచి మనిషి తల్లీ, కానీ నోరు కట్టేసినట్టు ఉంటాడు. వాళ్ల ఇండ్లల్లో పెద్దోళ్ల ముందర పెండ్లాంతో మాట్లాడేది మర్యాద కాదు, ఆ అలవాటు అట్లే ఉండిపోయింది. మొదటి నవల పత్రికలో పడింది చూడు, దాని మీద ఈశ్వరమ్మక్క పేరు ఇంటిపేరుతో సహా ఏసినారు. తోట కాడ ఆయన దాయాదులు నలుగురు కూచుని, 'ఏమప్పా హరినాథూ, మీ ఇంట్లో ప్రేమలు నేర్పిస్తారంట కదా, మా పిల్లోళ్లను పంపీమంటావా' అని ఎకసెక్కం ఆడినారంట. ఆ మాట మింగుకొని ఇంటికి వచ్చినాడు. నేను గోడవతల బట్టలు ఆరేస్తాండా. 'ఇంకొకతూరి నీ పేరు ఆ పుస్తకంలో పడితే నీతో మాట్లాడేది లేదు' అన్యాడు. ఆమె పీట మీద నుంచి లేవను కూడా లేవలేదు. 'సరే. నేను రాసేదాని గురించి నువ్వు నోరు తెరిచి ఒక్క మాట అడిగిన దినం, నేనూ మాట్లాడతా' అనె. అంతే తల్లీ. మరుసటి వారం పత్రికలో మళ్లా పేరు పడింది. ఇద్దరికిద్దరూ మాట మీద నిలబడిపోయినారు.

విడిపోలేదు, యాల విడిపోతారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. వాళ్లకు ఒకతే బిడ్డ, ప్రమీల. 'అమ్మా ప్రమీలా, మీయమ్మను అన్నం పెట్టమను' అని ఈయన. 'ప్రమీలా, మీ నాయనకు చెప్పు, పెట్టి శానాసేపు అయిందని' అని ఆమె. ఇద్దరూ రెండు మూరల దూరంలో కూచోనుంటారు, ఆ బిడ్డ నడాన మూతి ముడుచుకొని ఉంటాది. మా ఇండ్లల్లో కూడా అలిగితే పిల్లోళ్ల చేత మాట్లాడిస్తాం, రొండు దినాలు, మూడు దినాలు, తర్వాత ఎవరో ఒకరు నగేస్తారు. వీళ్లు నగలేదు. ప్రమీల పెద్దదయ్యి తిరుపతి హాస్టలుకు పోయేటప్పుడు నాతో అనింది, 'అత్తా, నేను చదువుకోసం పోతాండానని అందరూ అనుకుంటాండారు, నేను వీళ్ల మధ్య టపా మోయలేక పోతాండా' అని. నేను నగినా, కానీ ఆ పొద్దు గుండీలు కుట్టబుద్ధి కాలేదు.

ఆ బిడ్డ పోయినాక ఆ ఇంట్లో మాటే లేదు. గిన్నె కింద పెట్టిన సప్పుడు, బాయి చేదిన సప్పుడు, అంతే. ఈశ్వరమ్మక్క రాసేది కూడా నిలిచిపోయింది. పీట మీద కూచుంటాది, అట్ట పెట్టుకుంటాది, పప్పులు నములుతాది, కలం కదలదు. 'ఏమక్కా' అంటే, 'వాడు మాట్లాడటం లేదు జానీ' అనింది. ఎవురు, రెడ్డన్నా అంటే, 'కాదు, కతలో వాడు' అనె. నేను నమ్మినా ఆ మాట. అప్పుడు నాకు ఏం తెలుసు.

అట్ల ఉండంగా ఒకదినం రెడ్డన్న తోట నుంచి ఒక ఆడకుక్క పిల్లను తువ్వాల్లో సుట్టుకొని తెచ్చినాడు. అడివిపందులకు ఎవరో ఉచ్చు పెట్టింటే దాంట్లో పడి ముందరికాలు పోయింది. వాకిట్లో నిలబడినాడు. లోపల ఆమె, బయట ఈయన. ఎవురికి చెప్పాల, యట్ల చెప్పాల? ఆఖరికి ఆ కుక్కపిల్లను చూసి అన్యాడు, 'మ్మే, మీయమ్మకు చెప్పు, నీ కాలికి పసుపు పెట్టి గుడ్డ కట్టమని.' నేను గోడ కాడ బిందె పట్టుకొని అట్లే ఉండిపోయినా. ఆమె బయటికి వచ్చింది, కుక్కను తీసుకునింది. దాని మొఖం చూసి, 'మీ నాయనకు చెప్పు, ఆయన చొక్కాకంతా రత్తమే, విప్పి ఇయ్యమని' అనె. దానికి మల్లి అని పేరు పెట్టినారు. కుక్క తగిలితే మాకు నమాజుకు ముందర కడుక్కోవాల కదా, మల్లికి అది కూడా తెలుసేమో, నేను గడప కాడ ఉంటే అంత దూరాన్నే ఆగిపోయేది.

ఇంక ఆయప్ప తెచ్చేది, ఆమె సాకేది. కాలు ఇరిగిందని ఎవురో రోడ్డు మీద ఇడిచిపెట్టిన గాడిద. కండ్లు కనపడని పిల్లి. రెక్క తెగిన సిలక ఒకటి వేంపల్లె సంతలో దొరికిందని తెచ్చినాడు. కొత్త జీవం వచ్చిన దినం ఆ ఇంట్లో మాటలు ఎక్కువ, దానికేం తినిపించాల, యాడ కట్టేయాల అని. 'ఇంక ఒక ఏనుగును తెమ్మను అక్కా, పొద్దస్తమానం మాట్లాడుకోవచ్చు' అని నేను ఎగతాళి చేస్తే పప్పులు నా మీదికి ఇసిరింది. ఏ జీవం వచ్చినా టపా మాత్రం మల్లిదే. ఆయన నోట్లోంచి 'మల్లీ' అనే మాట వచ్చిందంటే అది మూడుకాళ్లతో లేచి ఆమె కాడికి పోయి కూచునేది. నిజంగా మోసుకొని పోయినట్టే.

నేను చెప్పొచ్చేది ఏమంటే, ఆమె మళ్లా రాయబట్టింది. ఒకనాడు ఇష్రత్ చదువుతాంది. కతలో వాడు ఆ పిల్లతో అంటాడు, 'ఆ పొయ్యి దగ్గర నుంచి లేచి రా, ఆ పొగలో నీ కళ్లు పాడైతే నేను ఏ వెలుగు చూసి బతకాలి' అని. నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ మాట నేను విన్న్యా. నెల కిందట రెడ్డన్న అరుగు మీద కూచుని, 'మల్లీ, మీయమ్మకు చెప్పు, కట్టెలు పచ్చివి, పొగ శానా ఉండాది, కండ్లు పోతాయి, లేచి బయట కూచోమను' అన్యాడు. ఆ వెలుగు గిలుగు ఆమె కలిపింది, రెడ్డన్న నోట్లో నుంచి అది సచ్చినా రాదు. కట్టెలు మాత్రం ఆయనవే. అప్పటి నుంచి చెవి పెట్టి వింటాంటే అన్నీ అవే తల్లీ. 'మీయమ్మను బస్సులో కిటికీ కాడ కూచోమను, కడుపులో తిప్పుతాది.' 'మీయమ్మకు చెప్పు, ఆ నీలం చీర బాగుండాదని, మళ్లా నేను చెప్పినానని చెప్పగాకు.' ఆంధ్రా దేశంలో ఆడపిల్లోళ్లంతా కండ్లనీళ్లు పెట్టుకొని చదివిన మాటలు, మూడుకాళ్ల కుక్కకు చెప్పినవి. ఆమెకు ఉత్తరాలు వస్తాండె, 'మీ భర్త మిమ్మల్ని ఎంతగా ప్రేమిస్తారో అనిపిస్తుంది' అని. అవి చదివి మడిచి పెట్టేసేది, నగేది కాదు, ఏడిచేది కాదు.

విజయవాడ నుంచి ఆ వారపత్రిక ఆయన ఒకడు వచ్చినాడు ఫోటో తీసుకోను. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, మర్యాదగా, 'రెడ్డిగారూ, మీ శ్రీమతిగారి రచనల గురించి మీ అభిప్రాయం ఏమిటండీ' అని అడిగినాడు. ఈశ్వరమ్మక్క ఆయన మొఖం తిక్కే చూస్తాండె, నేను చూసినా కదా. ఒక్క మాట అంటే చాలు. రెడ్డన్న కింద చూసి, 'మల్లీ, ఆ సారుకు మజ్జిగ ఇమ్మని మీయమ్మకు చెప్పు' అని తోటకు పోయినాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది. ఆ సారు కుక్కకు కూడా నమస్కారం పెట్టి పోయినాడు పాపం, ఏమనుకున్న్యాడో.

తర్వాత ఆ సుభద్ర కత మొదులైంది. అది నడస్తాండంగానే ఈమెకు కడుపులో గడ్డ అని తెలిసింది. దాచిపెట్టింది శానా దినాలు. కూచోలేక, గోడకు ఆనుకొని రాసేది. కడపటి కవరు నేనే లోపలికి పోయి తీసుకున్న్యా. దాంట్లో ఏముండాదంటే, సుభద్ర జమ్మలమడుగు బస్టాండులో సంచి పట్టుకొని నిలబడి ఉంటాది. బస్సులో ఆ పిల్ల మనసుపడినోడు ఉండాడు, ఎనక్కి తిరిగితే ఇల్లు ఉండాది. కండక్టరు రైట్ అనబోతాడు. ఆడ ఆగిపోయింది. ఈడ ఆస్పత్రిలో చేర్చినారు. ప్రమీల వచ్చింది, దానికి అప్పటికి పెండ్లయి చిన్నబిడ్డ, ఉండలేక పోతా వస్తా ఉండె. నేనే ఉంటి ఎక్కువ.

ఆస్పత్రిలోకి కుక్కను రానీరు కదా తల్లీ. మల్లి గేటు కాడ కూచోనుండేది. లోపల రెడ్డన్న స్టూలు మీద కూచోనుండేవాడు, చేతులు ఒళ్లో పెట్టుకొని. ఆమె చూస్తాది, ఈయన చూస్తాడు. నోట్లో మాట ఉండాది, మోసేవాళ్లు లేరు. డాక్టరు, ఇంక మా చేతిలో లేదు, ఇంటికి తీసుకపోతే తీసుకపోండి అని చెప్పిన దినం, ఆయన నా తిక్కు తిరిగి అన్యాడు, 'జానీబీ, ఆమెతో చెప్పు...' అని. నాకు యాడలేని కోపం వచ్చింది. 'అన్నా, నేను మల్లిని కాను. ఆమె నీ ముందరే ఉండాది, నువ్వే చెప్పు' అన్న్యా. ఆయప్ప మొఖం ఎర్రగా అయిపోయింది. నేను అనకుండా ఉండాల్సిందా అంటే, లేదు, ఇప్పుడైనా అదే అంటా.

తర్వాత స్టూలు మంచం కాడికి జరుపుకున్న్యాడు. 'ఈశ్వరీ' అన్యాడు. ఆ పేరు ఆయన నోట్లో నేను వినడం అదే మొదులు. 'ఈశ్వరీ, ఆ పిల్ల బస్సు ఎక్కిందా లేదా?'

అప్పుడు తెలిసింది నాకు. చదువుతాండాడు. మొత్తం చదువుతాండాడు. తర్వాత తోట కాడ కావలి ఉండే కుళ్లాయప్ప చెప్పినాడులే, 'మా రెడ్డి పులివెందుల బస్టాండులో పుస్తకం కొనుక్కొని వస్తాడు, మోటరు కొట్టంలో కూచుని చదువుతాడు, నన్ను చూస్తే కింద పెట్టుకుంటాడు' అని. అదే మాట ఏండ్ల ముందర ఇంట్లో అడిగింటే ఏం పోయింది చెప్పు. నాకు ఇప్పటికీ కడుపు మండుతాది ఆయప్ప మీద.

ఆమె కండ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారతాండె, నోరు మాత్రం నగుతాంది. నా తిక్కు చూసి, చేత్తో పో అని సైగ చేసింది. నేను కాఫీ తెచ్చే ప్లాస్కు పట్టుకొని బయటికి వచ్చినా. తలుపు సందులో నుంచి చూస్తే, ఆయన చెవి ఆమె నోటి కాడ పెట్టుకొని వంగి ఉండాడు. చెప్తాంది, ఆయన తల ఊపుతాండాడు. అంత సేపు వాళ్లు మాట్లాడుకున్నది నేను ఎన్నడూ చూడలేదు. గేటు కాడికి పోయి మల్లి పక్కన నిలబడినా. ఇంటికి తీసుకపోయిన రెండో దినమే పోయింది అక్క.

పత్రికోళ్లు వచ్చినారు, రెడ్డిగారూ మీకు చెప్పిందంట కదా, చెప్తే ఎవరి చేతైనా రాయిస్తాం అని. ప్రమీల కూడా అడిగింది. నేనూ అడిగినా ఒకతూరి. 'అది నాకు చెప్పింది జానీబీ' అన్యాడు. ఆయనతోనే పోయింది అది. నాకు తెలీదు తల్లీ, ఒట్టు, తెలిస్తే నీకు చెప్పనా.

తర్వాత మల్లి బతికిన్నాళ్లూ ఆయన తోట కుళ్లాయప్ప మీద ఇడిచిపెట్టి ఈడనే ఉండాడు. పొద్దున వంటింటి గడప కాడ ఆ పీట ముందర కూచునేవాడు. 'ఈశ్వరీ, ఈ ఏడు చీనీకాయలు బాగా దిగినాయి. ఈశ్వరీ, సిలక ఈ పొద్దు ఏమీ తినలేదు' అని నేరుగా ఆమెతోనే మాట్లాడేవాడు. మల్లి పక్కనే ఉంటాది. ఆయన గొంతు వినపడంగానే తల ఎత్తి ఆయన మొఖం తిక్కు చూస్తాది, దాని పేరు పిలుస్తాడేమోనని. ఆయన పిలవడు. అది శానాసేపు అట్లే చూసి, మళ్లా తల కింద పెట్టుకునేది.

...

ఆ గ్లాసు ఇట్లియ్యి తల్లీ, చల్లారిపోయిండాది. ఇంకో రోంత పోసుకొస్తా.