కాళ్లు తగ్గిన యంత్రం, తలెత్తిన పట్టణం

1991 జూన్ 17వ తేదీ ఉదయం మా సంస్థ సాంకేతిక బదిలీ విభాగంలో జూనియర్ ఇంజనీరుగా చేరిన మన సంచాలకులు, ప్రయోగశాలలో పుట్టిన ప్రతి యంత్రాన్నీ మారుమూల పట్టణాలకు బదిలీ చేయిస్తూ, తాము మాత్రం ముప్పై నాలుగేళ్లలో ఒక్క బదిలీ ఎరుగక, చేరిన గదిలోనే నేడు పదవీ విరమణ చేస్తున్నారు!

తొలి పదేళ్లూ పంపుల మరమ్మతుతో, శిక్షణ తరగతులతో గడిచాయి. వారి కీర్తికి కారణమైన ఘట్టం పన్నెండో ఏట సంభవించింది. ఒక కొండప్రాంతపు పట్టణంలో నలభైమంది మహిళల సంఘానికి టమాటా ముక్కలు ఎండబెట్టే యంత్రం ఇచ్చాం. రోజుకు ఆరు అరల సరుకు రావలసిన చోట నాలుగరలదే వచ్చింది. "నెలాఖరుకు పుంజుకోకపోతే యంత్రం వెనక్కి" అని పైనుంచి తాఖీదు. యంత్రం పోతే నలభై ఇళ్లకూ పని పోతుంది. ఆ ఆడవాళ్లకు శ్రద్ధ లేదని నివేదిక రాసిన మేధావిని నేనే.

మన సంచాలకులు నా నివేదికను మడిచి జేబులో పెట్టుకుని బయలుదేరారు. ఒక పూటంతా తిరగేసిన బుట్టమీద కూర్చుని పని చూశారు.

"పై రెండరలూ ఖాళీగా ఉన్నాయేం పెద్దక్కా?" అని సంఘం నాయకురాలిని అడిగారు.

"అందవు బాబూ. యంత్రం బిగించిన రోజు మీవాళ్లే నింపి చూపించారు, మేం చప్పట్లు కొట్టాం."

"మరి చెప్పలేదేం?"

"పొట్టివాళ్లమని అర్జీ పెట్టుకోమన్నావా?"

ఆనాడు నింపి చూపించిన ఇద్దరిలో ఒకణ్ణి నేను. గడకర్రంత మనిషిని, యంత్రాన్ని నా కొలతకే బిగించాం. వారు వెంటనే వెల్డింగు మేస్త్రీని పిలిపించి స్టాండు కాళ్లు మూరెడు కోయించారు. యంత్రం కాళ్లు తీసి, సంఘాన్ని సొంత కాళ్లమీద నిలబెట్టారు! నెల తిరక్కుండా ఆరు అరలూ నిండాయి. యంత్రం వెనక్కి రాలేదు. నా నివేదిక మాత్రం వెనక్కి వచ్చింది.

నాటినుంచి, వాడబోయే వారిలో అందరికన్నా పొట్టివారు నడిపి చూపనిదే ఏ యంత్రమూ మా గడప దాటదు. ఆ ఒక్క నియమంతో ఎనభై పట్టణాలలో మన యంత్రాలు నేడు నిర్విరామంగా నడుస్తున్నాయి. పెద్దక్క సంఘానికిప్పుడు సొంత కర్మాగారం ఉంది.

మొన్న వీడ్కోలుకు పిలవడానికి వెళ్తే వారి శ్రీమతిగారు వంటగది పై అలమర చూపించారు. "ఊరందరికీ అందించారు అన్నయ్యా, ఈ పంచదార డబ్బా నాకు అందదని పాతికేళ్లుగా మొత్తుకుంటున్నా!"

ఆ అలమరను స్వహస్తాలతో మూరెడు కిందికి దింపి, ఆ దంపతులు అందులోని తీపిని నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా అందుకోవాలని మా విభాగమంతా మనసారా ఆకాంక్షిస్తున్నది. మేకులు, సుత్తీ మా కానుక. నిచ్చెన అక్కర్లేదు, నేనొస్తాను.