బొటనవేలి కబురు

అంబాజీపేటలో కొబ్బరికాయలు దింపే మనిషి అరుగు మీద కాళ్లు చాపి కళ్లు మూసుకున్నాడు. పాదాలకి స్పర్శ తగ్గిందేమో చూడమని డాక్టరు చెప్పిన పరీక్ష కోసం భార్య అతని కాలి బొటనవేలు పట్టుకుంది.

“ఎత్తేనా, వంచేనా?”

“ఎత్తేవు.”

“ఇప్పుడు?”

“వంచేవు. చాలా? రేపు చెట్టెక్కుతాను.”

“నిన్న చెప్పు జారిపోయినా తెలీకుండా వీధి చివరిదాకా నడిచేరు. ఇవాళన్నీ ఎలా చెప్పేస్తున్నారండీ?”

“చర్మం, కండ, కీళ్లు మెదడుకి కబురంపుతాయని డాక్టరుగారన్నారు కదా! నావి అంపుతున్నాయి.”

“కబురంపేది మీ వేలా, నా గాజులా? ఎత్తినప్పుడల్లా గలగలమంటున్నాయి.”

“అంతా అనుమానమే నీకు!”

“ఆయ్, అనుమానమేనండి.”

ఆమె గాజులు మోచేతి దాకా ఎగదోసి, కదలకుండా కొంగు చుట్టుకుంది.

“ఇప్పుడు చెప్పండి.”

“వంచేవు.”

“నేనింకా మీ వేలు పట్టుకోనేలేదండీ.”