బావగారి స్నానం అయ్యేలోగా

ఎంతసేపు చేస్తారు బావగారూ ఆ స్నానం? కుళాయి అలా వదిలేస్తే నా మాట వినపడదనుకోకండి, నా గొంతు మీకు తెలుసు కదా. అక్కయ్యగారేమో మీరు ఊళ్లో లేరని కిటికీలోంచే చెప్పారు, నేనే పెరటి దారిన ఈ బాత్రూము తలుపు దాకా వచ్చాను. మీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. వట్టికాళ్లతో వెళ్లారా ఊరికి?

ఆ విద్య నాకు తెలీనిదా? మీరు పాలసీ కాగితాలు చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చినప్పుడల్లా నేనెక్కడ దాక్కునేవాణ్ణి? మా బాత్రూములోనే. నాకు బీమా ఎందుకు, బట్టతలవాడికి దువ్వెనలాగా అని మీ చెల్లాయి దగ్గర జోకులేసేవాణ్ణి.

ఇప్పుడు ఊరంతా జ్వరం. ఆ దువ్వెన కోసమే వచ్చాను. నవ్వుకోండి, ఫర్వాలేదు.

జాకెట్లు మానేసి మాస్కులు కుడుతున్నానా, కొట్టుకి వచ్చేదెవరు? మాస్కు లేనివాళ్లే కదా. నా మొహం మీదే దగ్గి, మంచి రంగు చూపించమంటారు.

నేనేమైపోయినా ఫర్వాలేదనేంత గొప్పవాణ్ణి కాను గానీ, మీ చెల్లాయికి ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటుంది. ఆసుపత్రిలో మంచం అడిగితే ముందు పాలసీ కార్డు చూపించమంటున్నారట.

మీ ఇబ్బందీ తెలుసు. ఇంట్లో అందరూ కులాసా అని ఏజెంటు సంతకం పెట్టాలి. ఆయాసం దాస్తే మీ లైసెన్సు పోతుంది, రాస్తే కంపెనీ మొహం చాటేస్తుంది. చెల్లెలి మొహం చూసి ఆ మాట చెప్పలేక ఈ తలుపు గడియ. అవునా?

దాచకండి. ఉన్నదున్నట్టు రాసి పంపండి. కాదంటే కంపెనీ అననీ, మీరు అనకండి.

ఇంకొకటుంది. ఇందాకట్నుంచీ నసుగుతున్నది అందుకే. అక్కయ్యగారు ఇప్పుడే ఫినాయిలు పోసి కడిగినట్టున్నారు, నేలంతా తెల్లగా ఉంది. నాకు ఏ వాసనా తెలియట్లేదు బావగారూ. పొద్దున కాఫీ కూడా వేణ్ణీళ్లలాగే దిగింది. మాస్కులు ఒకదాని మీద ఒకటి వేసుకునే వచ్చాను లెండి, సొంత కుట్టు. మీ చెల్లాయికి ఇంకా చెప్పలేదు.

ఆమె పేరొక్కటే రాయండి, నాది వద్దు. ఇవాళ్టి నుంచి కొట్టులోనే పడుకుంటాను.

కుళాయి కట్టేశారే? గడియ తియ్యకండి. ఇంతసేపూ బయటికి రమ్మని బతిమాలినవాణ్ణే చెబుతున్నాను, నేను వీధి మలుపు తిరిగేదాకా లోపలే ఉండండి. ఇంకో చెంబు పోసుకోండి.