కట్ట మట్టి

మచిలీపట్నంలో ఒక ఇల్లు. మధ్యాహ్నం మూడవుతోంది. చీకటిపడేసరికి తుఫాను తీరం దాటుతుందంటున్నారు. కరెంటు లేదు. నాగజ్యోతి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. భర్త ధనరాజు ఆమె వెనకాల పేపరుతో విసురుకుంటున్నాడు.

"ఇన్వర్టరు కొన్నది ఎవరికోసం జ్యోతీ? నాకా, నీ కంప్యూటరుకా? పొద్దుట్నించీ ఫాను తిరగలేదు."

"కిటికీ తీసుకోండి. బయట బోలెడంత గాలి."

"అది తుఫాను గాలి."

"ఊరికే వస్తోందిగా."

"అసలేం చేస్తోంది అది అంతసేపూ?"

"దివిసీమ మొత్తాన్ని గళ్లు గళ్లుగా కోశాను. ఒక్కో గడిలో నేలెంత ఎత్తు, నీళ్లెంత లోతు, పక్క గడిలోకి ఎంత పోతాయి అని లెక్క కడుతోంది. మూడు లక్షల గళ్లు."

"నీళ్లు పల్లానికి పోతాయని మా అమ్మకీ తెలుసు. నీకు ఆరేళ్లు పట్టింది."

"ఏ పల్లానికి, ఎన్నింటికి, ఎంతెత్తున అన్నది మీ అమ్మకి తెలీదుగా."

"సరే, మా ఊరికేమంటోంది?"

"పొద్దున చెప్పాగా, నీళ్లు రావని. ఉప్పెన రెండున్నర మీటర్లు లేస్తుంది. మీ ఊరి కరకట్ట నాలుగు మీటర్లు. అదే కలెక్టరాఫీసుకి పంపాను. ఖాళీ చేయించే ఊళ్ల లిస్టులోంచి మీ ఊరు తీసేశారు."

"తీసేశారా?"

"బస్సులు చాలట్లేదట. మీ ఊరి బస్సులు పక్కూళ్లకి పంపారు. ఏం, అలా అయిపోయారేంటి?"

"ఉక్కగా ఉంది. కట్ట ఎత్తు ఎవరు కొలిచారు?"

"సర్వే వాళ్లు. మూడేళ్ల కింద."

"మూడేళ్లా. అంటే ఊళ్లో మనిల్లు కట్టకముందు."

"మనింటికీ కట్టకీ ఏంటి సంబంధం?"

"సంబంధం అని కాదు. టీ పెట్టనా?"

"పెళ్లయి పదకొండేళ్లలో మీరు టీ పెట్టలేదు. ఏం చేశారు?"

"పక్కింటి పాండురంగారావు పునాది మూడడుగులు లేపాడా? మనం నాలుగు లేపకపోతే వాళ్ల వాన నీళ్లన్నీ మన గుమ్మంలోకే. లేపమని నువ్వే అన్నావు."

"అన్నాను. మట్టెక్కణ్ణించి తెచ్చారు?"

"ఆంజనేయులు ట్రాక్టరు."

"ట్రాక్టరు మట్టిని కనదండీ. ఎక్కణ్ణించి?"

"అందరూ అక్కణ్ణించే తెచ్చుకున్నారు. మన తర్వాత పాండురంగారావు మళ్లీ ఐదడుగులకి..."

"కట్ట మట్టా?"

"కట్టంతా కాదు. మనింటి వెనకాల ముక్క. దగ్గరని."

"ఎంత తవ్వారు?"

"మనది అరవై ట్రక్కులు. పాండురంగారావుది లెక్కపెట్టలేదు, కుళ్లుకుంటున్నాననుకుంటాడని."

"ఇప్పుడక్కడ కట్ట ఎంతుంది?"

"పోయిన నెల అమ్మ ఎక్కకుండానే అవతలకి వెళ్లొచ్చింది."

"ఎక్కకుండానే."

"మోకాళ్ల నొప్పులు కదా. బాగుందిరా అంది."

"వెడల్పెంత? తొందరగా చెప్పండి."

"మన పెరడంత."

"మీటర్లలో."

"పదిహేను. ఇరవై వేసుకో. ఏం మారుస్తున్నావు?"

"మాట్లాడకండి. ఎత్తు మార్చాను. లెక్క మళ్లీ నడుస్తోంది."

"ఆరేళ్లూ దివిసీమలో మట్టెంత ఎత్తుందో లెక్కలేశావు. మనింటి మట్టి ఎక్కడిదని ఒక్కరోజన్నా అడిగావా?"

"అడగలేదు. టైల్సు గురించి అడిగాను."

"ఊరంతా నీలంగా అయిపోతోందేంటి?"

"లేత నీలం మోకాలి లోతు. ముదురు నీలం మనిషి లోతు."

"ఆ నల్లగా ఉన్నదేంటి?"

"మనిల్లు. గండికి ఎదురుగా ఉన్నది అదే. మొదటి దెబ్బ దానికే."

"నాలుగడుగులు లేపాం కదా."

"అక్కడ నీళ్లు నిలబడవండీ, పరిగెడతాయి. పునాది కింద మట్టిని కోసుకుపోతాయి."

"ఎన్నింటికి?"

"ఏడు లోపు. ఆఫీసు వాళ్లు ఫోనెత్తట్లేదు."

"ఎత్తితే ఏం చెప్తావ్? మొగుడు కట్ట తవ్వాడనా? ఎలకలని చెప్పరాదూ."

"ఇరవై మీటర్లు తవ్వే ఎలకకి మీ పోలికలుండాలి. ముందు అత్తయ్యకి చెయ్యండి."

"చేస్తున్నా. రింగవుతోంది. అమ్మా, నేను, ధనాని. ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే ఉన్నాన్రా. ఏం కంగారు లేదు. కోడలు నీళ్లు రావని చెప్పిందిగా, ఊరంతా చెప్పేశాను. మోపిదేవి సత్రానికి బయల్దేరినవాళ్లని కూడా వెనక్కి పిలిచాను."

"పిలిచావా?"

"డెబ్బై ఏడు ఉప్పెనలో చెప్పేవాళ్లు లేక అంతమంది పోయారు. ఇప్పుడు మనకి కోడలుందిగా."

"అమ్మా, నువ్వు వెంటనే బయల్దేరు. ఆంజనేయులు ట్రాక్టరు..."

"ఆంజనేయులూ ఇక్కడే ఉన్నాడు. అందరూ ఇక్కడే. ఎందుకైనా మంచిది, ఊళ్లో ఎత్తయిన మెరక ఇదేనని మనింటికే రమ్మన్నాను. పాండురంగారావు ఇంటికి పోతామన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. నూట పదిమంది ఉన్నారురా, పిల్లలతో కలిపి. వంట చేయిస్తున్నా."

"అమ్మా, అక్కణ్ణించి వచ్చెయ్యండి. అందరూ. ఇప్పుడే."

"పొద్దున ఉండమని, ఇప్పుడు పొమ్మంటే వీళ్లు కదుల్తారా? ఎందుకో చెప్పాలి కదా. గాలికి నాకు వినపడట్లేదు. ఉండు, స్పీకరు పెట్టాను. అందరూ వింటున్నారు. చెప్పు నాన్నా, ఎందుకు?"

 ధనరాజు ఫోనులో చార్జింగు నాలుగు శాతం. ఏ మాటతో మొదలుపెట్టాలో మీకెవరికైనా తోస్తే, మీకు పుణ్యముంటుంది, ఇప్పుడే చెప్పండి.