పైనా కిందా కాని పేరు

ఇవాళ ప్రార్థన మధ్యలో పాదిరిగారు ఎందుకు ఆగిపోయారని అడిగావు కదూ. మరిచిపోయి కాదమ్మా, అది మా అమ్మమ్మ వల్ల వచ్చిన అలవాటు. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది, ఇలా రా. మా అమ్మమ్మ పేరు సెవస్తి. ఆదివారం అందరికంటే ముందే గుడికి వెళ్ళి దీపాలు సరిచేసేది, ఉపవాసాల్లో నూనె చుక్క ముట్టేది కాదు, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. చదువు రాదు గాని ప్రార్థనలన్నీ నోటికి వచ్చు. పాదిరిగారు ఎక్కడైనా తప్పితే చిన్నగా దగ్గేదట, ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేవారట. మా తాత సకెల్లారిస్ సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసం నీళ్ళలోకి దిగేవాడు. అప్పట్లో ఇనుప టోపీలూ గాలి గొట్టాలూ ఎక్కడివి, తాడు కట్టిన రాతిపలక పట్టుకుని ఊపిరి బిగబట్టి దూకడమే. మన కాలిమ్నోస్ దీవి మగవాళ్ళు ఈస్టర్ వెళ్ళాక పోయి చలికి ముందు వచ్చేవాళ్ళు. ఆ ఏడు పడవ వచ్చింది గాని ఆయన రాలేదు. ఆఫ్రికా ఒడ్డున దూకాడట, తాడు లాగితే రాయి ఒక్కటే పైకొచ్చిందట. మూడు రోజులు వెతికామని చెప్పి, పడవ నడిపేవాడు తాత బట్టల మూట గడపలో పెట్టి తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు. మా అమ్మ అప్పటికి పాలు తాగే పిల్ల.

పక్కిల్లే అమ్మమ్మ అత్తగారిది, థెమెలినా. ఆవిడ ఊపిరి పీల్చినా వీధి చివరికి వినబడేదంటారు. పెద్దల శనివారం వచ్చేసరికి కొడుకు పేర గోధుమలు ఉడికించి, దానిమ్మగింజలు కలిపి గుడికి పట్టుకెళ్ళింది. పాదిరిగారు చదవడానికి ఇచ్చే చీటీల సంగతి నీకు తెలుసు కదా, పైన బతికున్నవాళ్ళ పేర్లు, కింద పోయినవాళ్ళవి. ఆవిడ సకెల్లారిస్ పేరు కింద రాయించింది. అమ్మమ్మ తన చీటీలో పైన రాయించింది. పాదిరిగారు రెండూ చదివి, గుమ్మం దగ్గర ఇద్దరినీ ఆపారు. ఒకే మనిషిని రెండు చోట్ల ఎలా చదవను, వచ్చే ఆదివారానికి ఏదో ఒకటి తేల్చుకు రండి అన్నారు. అక్కడే మొదలైంది.

"నా బిడ్డ అక్కడ పిడికెడు గోధుమల కోసం చెయ్యి చాపి నిలబడి ఉంటే నువ్వు అడ్డం పడతావా, అమ్మాయ్?"

"బతికున్నవాణ్ణి పోయినవాళ్ళలో చదివిస్తే మన చేత్తో మనమే ముంచినట్టు కాదా, అత్తయ్యా?"

ఇద్దరిలో ఎవరిది తప్పంటావు? నాకైతే ఇప్పటికీ తెలియదు. ఊళ్ళో సగం మంది ఇటు, సగం మంది అటు. మంగలి ఒకడు, సకెల్లారిస్ ఆ ఆఫ్రికాలోనే ఎవర్తెనో కట్టుకుని ఖర్జూరాలు తింటూ ఉంటాడులే అన్నాడట. అమ్మమ్మకి కోపం రాలేదు. "తిననీ నాయనా, తినడానికి ఉంటే చాలు" అని సిలువ గుర్తు వేసుకుందట.

ఆ ఆదివారం ఇద్దరూ చీటీలు లేకుండానే వచ్చారు, చెరో మూల నిలబడ్డారు. పాదిరిగారు ఎప్పట్లాగే, సముద్రం మీద ఉన్నవాళ్ళ కోసం, దారిలో ఉన్నవాళ్ళ కోసం అంటూ చదువుకుపోతున్నారు. అమ్మమ్మ పుట్టిన్నాటి నుంచీ విన్న మాటే అది. ఆ రోజు మాత్రం సముద్రం అన్న మాట దగ్గర, గుడిలో ఎన్నడూ గొంతెత్తని మనిషి, "సకెల్లారిస్" అని పైకే అంది. పాదిరిగారు ఆగిపోయారు. మగవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. అవతలి మూల నుంచి థెమెలినా కూడా, ఆవిడ గొంతులా లేదట అది, "సకెల్లారిస్" అంది. ఆ తరవాత ఇంకో ఆడమనిషి తన తమ్ముడి పేరు, మరొకామె పెనిమిటి పేరు... పాదిరిగారు అందరివీ అయ్యేదాకా ఆగి, అప్పుడు దారిలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. ఆ వారం నుంచి ఏ పాదిరిగారు వచ్చినా అక్కడ ఆగుతున్నారు. ఇంటికి వస్తూ థెమెలినా కోడలి చెయ్యి పట్టుకుని, "పైనున్నా అడుగునున్నా వాడు సముద్రంలోనే ఉన్నాడు కదే" అందట. గోధుమలు మాత్రం మానలేదు ఆవిడ. నా అన్నవాళ్ళు లేకుండా మునిగిపోయినవాళ్ళ పేర ఏటా ఉడికించింది.

రాలేదమ్మా, తాత రాలేదు. పదకొండేళ్ళకి థెమెలినా మంచం పట్టింది, అమ్మమ్మే అన్నీ చేసింది. ఆఖరి రోజున ఆవిడ, "నేను వెళ్ళి అక్కడ పోయినవాళ్ళందరిలో వెతుకుతానే. దొరికితే నీకు కలలో చెబుతాను, నీ పంతం మానుకో. లేకపోతే నీదే నిజం" అంది. అమ్మమ్మ ఆ తరవాత ముప్పై రెండేళ్ళు బతికింది. రోజూ పొద్దున లేస్తూనే మొహం కడుక్కుంటూ మా అమ్మతో అనేదట, "ఇవాళ కూడా మీ నాయనమ్మ కలలోకి రాలేదే, ఇంకా దొరకలేదన్నమాట" అని. ఎంత సంతోషంగా అనేదో.