గానుగ దారి నడక

ఉదయం చోడవరం టీకొట్టు బెంచీ మీద ఒకాయన స్కానింగ్ రిపోర్టును బావకు చూపిస్తున్నాడు.

"లివర్లో కొవ్వు అలాగే ఉందంట బావా. ఇలాగే ఉంటే లివరు గట్టిపడిపోద్దని డాక్టరు భయపెట్టేడు. రోజూ నడుస్తన్నాను, టానిక్కూ తాగుతన్నాను. మరి ఎందుకు తగ్గట్లేదంటావు?"

"నడక ఎందాకా?"

"బుచ్చయ్యపేట రోడ్డులో బెల్లం గానుగ దాకా."

"అక్కడ ఏటి సేస్తావు?"

"సెరుకురసం ఇస్తారు. గానుగ కాడికొచ్చినోణ్ణి ఒట్టినోటితో పంపరు కదా! వద్దంటే బాధపడతారు."

"రసం ఒక్కటేనా?"

"టానిక్కు సేదు బావా... వేడిబెల్లం కూడా కొంచెం."

"దొరికేడు దొంగ! రేపట్నించి చీడికాడ రోడ్డున నడు."

"అటు పలకరించేవోళ్ళెవరూ లేరు బావా."

"నేనొస్తాను కదా. మీ అక్క పోయేక పొద్దున్నపూట నాకూ మాటాడే తోడు లేదు."