తడిక చాటు కపిల

రాసుకో సామీ, పిల్లోళ్లారా మీరూ వినండి. మద్దిలేటని ఒకాయన ఉండెనంట మన గుండాలపల్లెలో. మీ తాతకు తాత అనుకో. శానా తెలివైనోడు, నోరు మాత్రం విప్పడు. అప్పుట్లో అందురూ ఏతమేసి నీళ్లు తోడేటోళ్లు. దూలం మీదికి మనిషెక్కి ముందుకీ ఎనక్కీ నడుస్తాంటే బొక్కెన కిందికి పోతాది, మీదికొస్తాది. ఏమైందంటే, వరసగా వానల్లేక బాయిల్లో నీళ్లు అడుక్కు పొయినాయి. ఏతం అందదు. ఊరంతా మొగులు పక్క చూస్తాంటే ఈయన బాయి పక్క చూసినాడంట. చూసి చూసి, తోలుతో ఒక పెద్ద బాన కుట్నాడు. పైన వెడల్పు నోరు, కింద ఏనుక్కున్నట్ల తొండం. నోటికి లావు మోకు, తొండానికి సన్నతాడు. రెండూ ఎద్దులకు కట్టి తోల్తే, తొండం మీదికి మడుచుకోని నిండు బాన పైకొస్తాది. గట్టు కాడికి రాంగానే తొండం తనంతట తనే ఇప్పుకోని కాలవలో నీళ్లు కక్కుతాది. మనిషి చెయ్యే పెట్టక్కర్ల్యా! అదే కపిల. ఎవురు కనిపెట్నారు? మనోళ్లే. గుర్తుపెట్టుకోండి, మళ్లీ అడుగుతా.

కనిపెట్టి ఏం చేసినాడు? బాయి చుట్టూ తడిక కట్నాడు! ఇంటిగుట్టు లంకకు చేటు అనేటోడంట. పక్క చేను నాగన్న వచ్చి, ఏం మామా, నీ తోటలో నీళ్లు పారతాండాయి, నా మిరప ఎండిపోతాంది, ఎట్ల తోడతాండావో నాకూ చూపీ అంటే, అంతా దేవుని దయ అనినాడంట. దేవుడు తడిక ఎనక ఉండాడు పాపం! కూతురు తిప్పక్క సంగటి తెస్తే, ఆడనే పెట్టి ఎనక్కి తిరిగి పో అమ్మీ, నువ్వు ఇంకో ఇంటికి పొయ్యేదానివి, నీతో పాటు గుట్టూ పోతాది అనేటోడు. ఆ పాపకు తడిక మీద నుంచి తొండం కొస ఒకటే కనపడేది. కొడుకు ఓబన్నకన్నా చెప్పినాడా? వానికీ ల్యా. మనూరి పద్ధతి అది. గుట్టు కొడుకు చెవిలో ఊదాల, అదీ ప్రాణం పొయ్యేటప్పుడు. ముందే చెప్తే వాడు పెద్దాయన్ను లెక్కపెట్టడంట. సరే, ఆ గడియ రానే వచ్చె. ఏమైందంటే, పక్షవాతమొచ్చి నోరు పడిపాయె. ఓబన్న చెవి పెట్టి, నాయనా చెప్పు, చెప్పు నాయనా అంటే, బ్బ బ్బ అంటాడు, కండ్లల్లో నీళ్లు కారతాండాయి. చెప్పాలనే ఉండె ఆయనకు. అట్లనే పాయె పెద్దాయన.

దినాలయ్యేలోగా పాత బానను తాళ్లతో పాటు కుక్కలు ఈడ్చుకపొయినాయి. తోలు గదా, ఊరుకుంటాయా. ఓబన్న కొత్తది కుట్నాడు. ఎద్దుల్ని తోల్తే, బాన సగం దూరం రాకముందే తొండం కిందికి జారి నీళ్లన్నీ బాయిలోనే పోసె. మళ్లీ కుట్నాడు, మళ్లీ అంతే. ఎవురినన్నా అడుగుదామంటే తడిక దాటి చూసినోడు ఎవుడుండాడు? తోట వాడిపోతాంది. ఇంక ఎద్దుల్ని సంతకు తోలాల్సిందే అనే కాడికొచ్చె. ఎద్దులు పోతే ఇంకేం సేద్యం? గట్టు మీద తల పట్టుకోని కూచుంటే పెండ్లాం అనిందంట, మీ అక్క ఊర్లో నీళ్లు పారతాండాయంట, పొయ్యి చూసిరాపో అని.

అక్క తిప్పక్కను ఇచ్చింది రాళ్లచెలిమకు. వాళ్ల నేల మంచిది, వాళ్ల బుర్ర మంచిది అంటారు మనోళ్లు. ఏం గాదు. అదే ఎర్రమన్ను, అవే రాళ్లు, అదే ఎండ. ఒకటి మాత్రం ఒప్పుకోవాల, వాళ్లూరు ఉప్పుబండ్ల బాట మీద ఉండాది, మనది కొండమూల. వచ్చే పొయ్యే బండ్లోళ్లు ఆగుతారు, ఆ ఊర్లో అట్ల చేస్తాండారు, ఈ ఊర్లో ఇట్ల చేస్తాండారు అని చెప్తారు, వీళ్లు వింటారు. ఇంకొకటేమంటే, ఆ ఊర్లో ఎవురు కొత్త పనిముట్టు చేసినా తొలి పని పక్కోనికి చెయ్యాల. మడకైతే తొలి చాలు పక్కోని చేన్లో, కపిలైతే తొలి తడి పక్కోని మడికి. తమ్ముడు రాకముందే తిప్పక్క, చిన్నప్పుడు చూసిన తొండం కొస గుర్తుతో బాన కుట్టింది. తొలి తడి అని ఊరంతా వచ్చి నిలబడె. నీళ్లన్నీ బాయిలో పడె! తమ్మునికి ఎట్లయిందో అట్లనే. అందురూ పకపకా నవ్విరంట. నవ్వి ఊరికే పోయిరా? పోల్యా. తాళ్లు పేనే ఈరమ్మ, సన్నతాడు పొడుగైందమ్మీ, కురచ చెయ్యి అనె. బాటెంట పొయ్యే బండాయన దిగొచ్చి, ఎద్దులు నడిచే దారి పల్లంగా తవ్వండి, వాటి బరువే లాగుతాది అనె. పక్క చేనాయనైతే, నా నీళ్లు యాడికి పోతాండాయి అని తనే తాడు పట్టుకున్న్యాడు. పొద్దు గూకేలోగా కపిల పారె. మరుసటేడు ఊరంతా కపిలలే. కపిలలుంటే తోలు కుట్టేటోళ్లొచ్చిరి, కమ్మరొచ్చె, పంట పండితే గానుగొచ్చె, సంతొచ్చె. ఒకదాని ఎనక ఒకటి వస్తానే ఉండె.

ఓబన్న పొయ్యి చూస్తే తడికే ల్యా. అక్క తాడు చేతికిచ్చి, చూడు తమ్ముడా, బాగా చూడు, సన్నతాడు కురచగుండాల, మన నాయన చెప్పల్యాక పోయింది ఇంతేరా అనె. అక్కాతమ్ముడు ఒకర్ని పట్టుకోని ఒకరు ఏడ్చినారంట. పొయ్యేటప్పుడు అక్క ఒక మాట తీసుకునె, తొలి తడి నాగన్న చేనికి ఇయ్యి అని. సరేక్కా అని తలూపినాడు. ఇంటికొచ్చి తాడు కురచ చేసినాడు. కపిల పారె. ఎద్దులు నిలిచె, తోట నిలిచె. నాగన్న గట్టు మీదికొచ్చి, ఎట్ల ఓబన్నా, నా చేనికి ఒక్క తడన్నా ఇయ్యవా అనె. ఓబన్న నోరు తెరిచినాడు. తెరిచి, నాగన్న పక్క చూసి, బాయి పక్క చూసి, అంతా దేవుని దయ అనినాడంట! మర్నాడు ఇంకా ఎత్తు తడిక కట్నాడు. నాగన్న మిరప నిలువునా ఎండిపాయె. పెండ్లాం బిడ్డల్ని తీసుకోని రాళ్లచెలిమకే పోయినాడు, ఆడ కపిల తోలుకోని బతికినాడు. ఆయన మునిమనవళ్లే ఇప్పుడు ఆ గానుగలోళ్లు.

ఇప్పుడు చెప్పండి, కపిల ఎవురిది? మనది. సంత యాడ? వాళ్లూర్లో. గడ్డపారకు మొన చేయించుకోవాలన్నా ఆడికే పోతాండాం గదా. తెలివి ల్యాక కాదప్పా. ఏమయ్యా రాసుకునే సామీ, కత ఇంతేనా తాతా అంటాండావు. ఇంతే అనుకో. ఓబన్న కొడుకు ఏం చేసినాడని ఇంకో ముక్క ఉండాది. అది మాత్రం చెప్పను నాయనా. అది మా పెద్దోనికి చెప్పాల, నేను పొయ్యేటప్పుడు.